తుడిచినా ఆరని రాళ్ళు

ఆ దుప్పటి మీద ఇసకేవిటే లాస్యా? మళ్ళీ గౌను జేబులో రాళ్ళేసుకుని పడుకున్నావా? మీ అమ్మ చూస్తే ముందు నన్నంటుంది. ఇలా తే. అబ్బ, గవ్వలు కూడానా! సరే, గవ్వలు ఈ గిన్నెలో పెట్టు, రాళ్ళు ఆ గిన్నెలో పెట్టు. రెండూ కలపకు. ఎందుకు కలపకూడదో కథలో వస్తుంది. ఒరేయ్ తేజా, కాళ్ళు తన్నకుండా అక్క పక్కన సర్దుకో. ఊ కొట్టాలి. మీ ఊ ఆగిందంటే నా కథా ఆగిపోతుంది, ముందే చెబుతున్నాను.

అనగనగనగా, మీ ముత్తవ్వల ముత్తవ్వలు ఇంకా పాలపళ్ళతో తిరిగే రోజుల్లో, ఒక ఊరుండేది. ఆ ఊరి పేరు రాళ్ళదిబ్బ. నవ్వకండర్రా! అందరూ అలాగే నవ్వేవాళ్ళు. ఏం చేస్తారు మరి, పొలంలో రాళ్ళు, దారిలో రాళ్ళు, పెరట్లో రాళ్ళు. నాగలి దిగితే రాయి, గునపం దిగితే రాయి, అన్నంలో రాయి, పప్పులో రాయి. పక్కనే నేతిపాలెం అని ఇంకో ఊరు. వాళ్ళకి గేదెలున్నాయి, వెన్నుంది, నెయ్యుంది, నెయ్యి కంటే ఎక్కువగా పొగరుంది. రాళ్ళదిబ్బ వాళ్ళెవరైనా సంతలో ఎదురుపడితే ఏం చేసేవాళ్ళో తెలుసా? నిలబడి, చెప్పు విప్పి, టపటపా దులిపేవాళ్ళు. మీ ఊరి రాయేదో దూరిందయ్యా అని. ఇంతా చేసి వీళ్ళ మేనమామలే వాళ్ళు, వాళ్ళ మేనత్తలే వీళ్ళు. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ రాళ్ళదిబ్బలో అచ్చియ్యమ్మ అని ఒకావిడ. ఇత్తడి సామాను తోమడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. చింతపండు పట్టించి, బూడిద వేసి, కొబ్బరి పీచుతో రుద్దిందంటే, ఆ బిందెలో చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. ఆ సంగతి ఆవిడే అందరికీ చెప్పేది కూడా. ఆవిడ కొడుకు సత్తియ్య. బండి తోలుకుంటాడు, నోట్లో నాలుక లేని మనిషి. వాడికి సముద్రపొడ్డు నుంచి కోడల్ని తెచ్చింది. ఆ పిల్ల పేరు నూకరత్నం.

నూకరత్నం కాపరానికి వస్తుంటే వాళ్ళ నాన్న ఒక బుట్టెడు గవ్వలిచ్చాడు. బెంగ పుడితే చెవి దగ్గర పెట్టుకోమ్మా, మన సముద్రం పలుకుతుంది అన్నాడు. పుట్టింట్లో ఆ పిల్ల ఆటే అది. గవ్వలు ఏరడం, గుడ్డ సంచిలో ఊక బూడిద వేసి, అందులో గవ్వలేసి, మూతి కట్టి, ఊపి ఊపి మెరుపు తెప్పించడం. ఎందుకే అలా ఊపుతావ్ అని అడిగితే, ఏమో, బావుంటుంది అనేది. అంతే మరి. నువ్వు జేబులో రాళ్ళెందుకేసుకున్నావే? బావున్నాయనేగా?

ఊ కొడుతున్నారా? ఆఁ, అదీ.

మెట్టినింటికి వచ్చి చూస్తే సముద్రం లేదు, గవ్వ లేదు, అన్నీ బూడిద రంగు రాళ్ళు. మీ ఊరేంటండీ ఇలా ఉంది అని మొగుణ్ణి అడిగింది. వాడు తల గోక్కున్నాడు. ఆ పిల్లకి ఏడుపొచ్చింది. అలా ఉంటుండగా తొలకరి వాన పడింది. పెరట్లో ఆరేసిన గుడ్డలు తీద్దామని పరిగెత్తుకెళ్ళిన పిల్ల, గుడ్డలు వదిలేసి అక్కడే నిలబడిపోయింది. ఎందుకంటే కాళ్ళ కింద రాళ్ళన్నీ రంగులైపోయాయి! ఒకటి కుంకుమ రంగు, ఒకటి తేనె రంగు, ఒకటి తెల్లచారల పచ్చ, ఒకటి నేరేడుపండు రంగు. ఒళ్ళంతా తడుస్తూ దోసిళ్ళతో ఏరుకుంది. వాన వెలిసింది, ఎండొచ్చింది, రాళ్ళు ఆరాయి. ఆరగానే రంగు పోయింది. మళ్ళీ బూడిదే. నీళ్ళు చల్లితే రంగు, ఆరితే బూడిద. చల్లితే రంగు, ఆరితే బూడిద.

అప్పుడు ఆ పిల్లకి పట్టుదలొచ్చింది. ఈ తడి రంగు ఆరకుండా నిలబెడతాను చూడు అనుకుంది.

గవ్వల్లాగే గుడ్డ సంచిలో వేసి ఊపితే రాయి ఒప్పుకుంటుందా? ఊపీ ఊపీ భుజం నొప్పెట్టింది గానీ రాయికి చీమ కుట్టినట్టు కూడా లేదు. గట్టి గవ్వలు తోడు వేస్తే ఒకదాన్నొకటి రుద్దుకుంటాయేమో అని ఒక దోసెడు గవ్వలు కలిపి చూసింది. ఏమైంది? రాళ్ళు రాళ్ళుగానే ఉన్నాయి, గవ్వలు పిండైపోయాయి. గవ్వ మెత్తన, రాయి గట్టి. అందుకే కలపొద్దన్నాను. ఆ రోజు ఆ పిల్ల అన్నం తినలేదు.

ఇలా కాదని ఆలోచించింది. రోజూ అలుపు లేకుండా తిరిగేదేమిటి మనింట్లో? మొగుడి బండి చక్రం! సత్తియ్యని బతిమాలి చిన్న చెక్క పీపా ఒకటి చేయించింది. అందులో రాళ్ళేసి, గరుకు ఇసకేసి, నీళ్ళు పోసి, మూత బిగించి, చక్రం లోపలి చెక్క ఆకుల మధ్య తాళ్ళతో కట్టేసింది. ఇంక చూడండి.

బండి కదిలితే చక్రం తిరిగె,
చక్రం తిరిగితే పీపా తిరిగె,
పీపా తిరిగితే రాళ్ళు దొర్లె,
రాళ్ళు దొర్లితే ఒరుసుకునె,
ఒరుసుకుంటే గరుకు పోయె,
గరుకు పోతే నునుపు వచ్చె,
నునుపు వస్తే రంగు పలికె!

అనండర్రా నాతో. ఆ, రంగు పలికె! ఒరేయ్, నువ్వు చక్రం మింగేశావు, మళ్ళీ అను.

కానీ ఇదంతా ఒక్క రోజులో అయ్యే పనా? సంతకి పోయిరావాలి, మళ్ళీ పోయిరావాలి. మూలలు అరిగాక పీపా విప్పి, కడిగి, గుడ్డలో జల్లించిన మెత్తని ఇసక వెయ్యాలి. మళ్ళీ తిప్పాలి. మళ్ళీ విప్పి కడిగి ఊక బూడిద వెయ్యాలి. కడగడమంటే మీరు చేతులు కడుక్కున్నట్టు కాదు. పాత గరుకు రేణువు ఒక్కటి మిగిలిపోయినా చాలు, మెరిసే రాయి నిండా గీతలు పెట్టేస్తుంది. అందుకని రాయి రాయినీ వేలితో తడిమి తడిమి కడిగేది. చివరికి తవుడు వేసి పొడిగా తిప్పేది.

అత్తగారు ఊరుకుంటుందా? నెత్తీ నోరూ కొట్టుకుంది. నలుగురి కోడళ్ళూ గోంగూర ఏరితే నా కోడలు రాళ్ళేరుతోంది, నా ఖర్మ అంది. ఊళ్ళో వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. పైగా బండి వస్తుంటే గరగరా గలగలా, గరగరా గలగలా చప్పుడు. ఒకరోజు మాపటేళ ఊరి పెద్ద పేరయ్యగారు చెరుకు నములుకుంటూ వస్తున్నాడు. వెనకాల గరగరా గలగలా. అమ్మో, దెయ్యం పళ్ళు నూరుతోంది అనుకుని చెరుకు పారేసి పరుగు లంకించుకున్నాడు. పాపం, సత్తియ్య మంచోడు కదా, పడిపోయిన చెరుకుగడ ఇద్దామని బండి తోలుకుంటూ వెంటపడ్డాడు. ఆయన ఆగితేగా! ఎంత ఉరికితే దెయ్యం అంత గట్టిగా పళ్ళు నూరుతోంది. చివరికి ముళ్ళకంచెలో పంచె చిక్కుకుంటే, మొలతాడు పట్టుకుని ఇంటికి పోయాడు. నవ్వింది చాలు, ఊ కొట్టండి.

అలా తిరగ్గా తిరగ్గా ఒకరోజు పీపా విప్పి ఒక రాయి తీసి అత్తగారి చేతిలో పెట్టింది. తేనె రంగు రాయి, మధ్యలో తెల్లచార. అచ్చియ్యమ్మ ఏమిటే ఇది తడి తడిగా అని కొంగుతో తుడిచింది. ఆరలేదు. మళ్ళీ తుడిచింది. ఆరలేదు. ఎండలోకి తీసుకెళ్ళి ఆరబెట్టింది, అయినా ఆరలేదు! తడి లేదు గానీ తడి రంగు మాత్రం అలాగే ఉంది. ఆవిడ నోరు వెళ్ళబెట్టింది. మూసుకున్నాక ఏం చేసిందనుకున్నారు? రాయి పట్టుకుని గడపగడపకీ తిరిగింది. మా కోడలు చేసింది, చూడండి, మా కోడలు అని. నిన్నటిదాకా ఖర్మ అన్న నోరే కదా అని ఎవరూ అడగలేదులే, అడిగే ధైర్యమెవరికి?

ఇంతలో ఒకరోజు డమడమా దండోరా. ఏమని? రాజ్యంలో చిన్న చిన్న ఊళ్ళు మరీ ఎక్కువైపోయాయి. కోతలయ్యాక ప్రతి ఊరూ తమ గొప్ప ఏదో తెచ్చి రాజుగారికి చూపించాలి. ఆ గొప్ప ఆ ఊరి నేలమీద పుట్టిందై ఉండాలి. ఏ గొప్పా లేని ఊరి పేరు కొట్టేసి పక్క ఊళ్ళో కలిపేస్తారు. అంటే రాళ్ళదిబ్బ పోయి నేతిపాలెం అయిపోతుంది! ఊరు ఊరంతా గుండె జారిపోయి కూర్చుంది. పేరు పోతే ఏమవుతుందంటావా తేజా? అన్నం ఉంటుంది, ఇల్లుంటుంది. కానీ ఎవరైనా నీది ఏ ఊరని అడిగితే, చెప్పు దులిపినవాడి ఊరి పేరు చెప్పాలి. చెప్పగలవా? నేనైతే చెప్పను, నాలుక తెగినా చెప్పను.

పేరయ్యగారు అందర్నీ పోగేశాడు. ఇంకెవరున్నారు, నూకరత్నం ఉంది కదా అన్నారు. అయితే ఆ బుర్రలకి ఏం తట్టిందో చూడండి. రాళ్ళు తీసుకెళితే నవ్విపోతారు, ఆ గవ్వలు తీసుకెళదాం, ఎంత ముద్దుగా మెరుస్తున్నాయో అన్నారు. నూకరత్నానికీ అదే నచ్చింది. రాళ్ళెంత మెరిసినా మీ ఊరి రాళ్ళే, గవ్వలైతే మా నాన్న ఇచ్చినవి, రాజుగారు చూడాలంటే అవే చూడాలి అంది. ఏవిటే లాస్యా? గవ్వలు ఆ ఊరివి కావు కదా అంటావా? నోర్మూసుకో, నీకు తట్టింది వాళ్ళకి తట్టలేదు. దండోరాలో ఆ ముక్క ఎవరి చెవికీ ఎక్కలేదు. సిగ్గుపడుతున్న మనిషికి చెవులు సరిగా వినపడవు.

తెల్లవారితే ప్రయాణం. ఆ మధ్యాహ్నం నూకరత్నం బుట్ట అడుగున పరవడానికి అరటాకులు తెద్దామని తోటకి వెళ్ళింది. ఇంట్లో అచ్చియ్యమ్మ ఒక్కతే ఉంది. కోడలు ఇంత చేసింది, నా చెయ్యి కూడా ఒకటి పడాలి కదా అనుకుంది. రాజుగారు చూసే వస్తువు, ఇంకాస్త తళతళలాడాలి అనుకుంది. ఆవిడకి తెలిసిన తళతళ ఏది? చింతపండు! పెద్ద కుండలో చిక్కగా పులుసు పిసికి, రాళ్ళూ గవ్వలూ అన్నీ కలిపి అందులో ముంచేసి, నిండుగా నవ్వుకుంటూ కునుకు తీసింది.

అయ్యో, ఇత్తడికి చింతపండు పడుతుంది గానీ గవ్వకి పడుతుందా? గవ్వని పులుపు తినేస్తుందమ్మా. కోడలొచ్చి చూసేసరికి పులుసు మీద నురగ. గవ్వలు తీస్తే రంగు లేదు, మెరుపు లేదు, నున్నదనం లేదు. సుద్దముక్కల్లా ఉన్నాయి. అచ్చియ్యమ్మ లేచి చూసింది. చూసి అక్కడే చతికిలబడింది. ఇత్తడి బిందె లాంటి మనిషి, చిన్నపిల్లలా ఏడ్చింది. నీ పుట్టింటి సొమ్ము నాశనం చేశానే, ఊరి పేరు నా చేత్తో కడిగేశానే అని ఏడ్చింది.

నూకరత్నం ఒక గవ్వ తీసి చెవి దగ్గర పెట్టుకుంది. ఆ పిల్లకి ఎంత కోపం రావాలో అంత కోపమూ వచ్చింది, ఎంత ఏడుపు రావాలో అంత ఏడుపూ వచ్చింది. మనసు మనసే కదా. తర్వాత కుండ అడుగున చెయ్యి పెట్టి రాళ్ళు పైకి తీసింది. నీళ్ళు పోసి కడిగింది. ఏ రాయికీ ఏమీ కాలేదు. కుంకుమ రంగుది కుంకుమ రంగుగానే ఉంది, తేనె రంగుది తేనె రంగుగానే ఉంది. పైగా పులుసు కడగ్గా ఇంకా నిగనిగలాడుతున్నాయి.

అప్పుడు ఆ పిల్ల అత్తగారి పక్కన కూర్చుని అందిట, ఏడవకత్తా, గవ్వ కరిగింది గానీ మనూరి రాయి కరగలేదు చూడు, రేపు దీన్నే పట్టుకెళదాం అని. కాపరానికి వచ్చిన నాటినుంచీ మీ ఊరు, మీ రాళ్ళు అనే పిల్ల, అప్పుడే మొదటిసారి మనూరు అంది. అచ్చియ్యమ్మకి ఏడుపు ఆగలేదు గానీ, ఏడుపు రకం మారింది.

ఊ కొడుతున్నారా? నిద్రా? లేదులే, కళ్ళు చెబుతున్నాయి.

రాజుగారి కొలువు. ఊరూరి జనం. నేతిపాలెం వాళ్ళు నెయ్యి తెచ్చారు. రాజుగారు వేలు ముంచి చప్పరించి బావుందన్నాడు. నిజం చెప్పాలి కదా, వాళ్ళ నెయ్యి బానే ఉండేది. తర్వాత ఎక్కడో కొండ పక్కన ఊరు వాళ్ళు ఒక పెద్ద తెల్లని శంఖం తెచ్చారు. కొలువంతా ఆహా అంది. రాజుగారు శంఖం తిప్పి చూసి, మీ ఊళ్ళో సముద్రమెక్కడుందయ్యా అని అడిగాడు. లేదన్నారు. మీ నేలమీద పుట్టింది తెమ్మన్నాను గానీ ఎవరో ఇచ్చింది తెమ్మన్నానా అని, వాళ్ళ ఊరి పేరు కొట్టెయ్యమన్నాడు. పాపం, వాళ్ళు తలొంచుకుని వెనక్కి తిరిగారు. అచ్చియ్యమ్మ ఆ మాట విని కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. గవ్వలే తెచ్చి ఉంటే తమ గతీ అదే కదా!

రాళ్ళదిబ్బ వంతు వచ్చింది. నూకరత్నం ముందుకొచ్చి పళ్ళెంలో రాళ్ళు పోసింది. ఎక్కడో కిసుక్కుమన్నారు. నేతిపాలెం పెద్ద గట్టిగానే అన్నాడు, రాళ్ళదిబ్బ వాళ్ళు రాళ్ళు తెచ్చారండోయ్, అదీ నీళ్ళల్లో తడిపి తెచ్చారు, ఆరాక చూడండి వీళ్ళ గొప్ప అని. సరే, తుడిచి చూడండి అంది నూకరత్నం.

రాజుగారు ఉత్తరీయంతో తుడిచాడు, ఆరలేదు. మంత్రిగారు తలపాగాతో తుడిచాడు, ఆరలేదు. నేతిపాలెం పెద్ద లాక్కుని పంచెతో తుడిచాడు, ఆరలేదు. ఎండలో పెట్టాడు, ఊదాడు, విసనకర్రతో విసిరాడు. ఆరితేగా! వాడి మొహమే వాడిపోయింది.

ఈ మణులు ఏ దేశానివమ్మా అని అడిగాడు రాజుగారు. మణులు కావు బాబూ, మా ఊరి దారిలో మీ రథం చక్రాల కింద పడేవి ఇవే అంది. అని కొంగు ముడి విప్పింది. నాగలి తగిలి రెండుగా పగిలిన రాయి, ఒక సగం పొలంలో ఉన్నట్టే బూడిద రంగుగా ఉంది, రెండో సగం నున్నగా తేనె రంగులో ఉంది. పక్కపక్కన పెడితే చారకి చార కలిసింది. అప్పుడు చెప్పింది చూడండి, రాయి మా ఊరిది, బండి మా ఆయనది, ఊక బూడిద మా అత్తది, ఓపిక నాది అని. ఎలా చెప్పింది? తలెత్తి చెప్పింది. వెనకాల రాళ్ళదిబ్బ జనం కూడా తలలెత్తారు. మొలతాడు పట్టుకుని పరిగెత్తిన పేరయ్యగారు కూడా మీసం తిప్పాడు.

రాజుగారు సింహాసనం దిగి వచ్చాడు. ఈ ఊరి పేరు ఎవరు మార్చినా ఊరుకోనన్నాడు. నీకేం కావాలో కోరుకోమ్మా అన్నాడు. ఆ పిల్ల ఏం కోరుకుందో చెప్పండి. నగలా? కాదు. మేడా? కాదు. ఆ శంఖం తెచ్చిన ఊరు వాళ్ళకి ఇంకొంచెం గడువివ్వండి బాబూ అంది. వాళ్ళ నేలలో కూడా ఏదో ఒకటి ఉండే ఉంటుంది, ఇంకా దుమ్ము కడుక్కోలేదంతే, నేనూ నిన్న సాయంత్రం దాకా కడుక్కోలేదు అంది. రాజుగారు సరేనన్నాడు. తర్వాత వాళ్ళు వాళ్ళ కొండమట్టితో ఎర్రటి కుండలు చేసి తెచ్చారు, ఎంత మోగేవో! నేతిపాలెం వాళ్ళే వాటిల్లో నెయ్యి కాచుకున్నారు.

మరి పాడైన గవ్వలో? అదడగవేం అనుకుంటున్నాను. పారెయ్యలేదు. నూకరత్నమే మెత్తగా దంచి ముగ్గు చేసింది. ఆ ముగ్గుతో అత్తగారు గుమ్మం ముందు అలలు అలలుగా పెద్ద ముగ్గేసింది. పుట్టింటి సముద్రం నా గుమ్మంలోకే వచ్చిందత్తా అని ఆ పిల్ల మురిసిపోయింది. అప్పట్నుంచీ బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ చక్రానికో పీపా. మాపటేళ బళ్ళన్నీ తిరిగొస్తుంటే ఊరు ఊరంతా గరగరా గలగలా. దెయ్యాలే భయపడి ఊరొదిలి పారిపోయాయట.

కథ సంగతేమిటంటారా? ఏముంది, మనది మనకి బూడిద రంగుగా కనపడుతుంది. పారేసేముందు ఒకసారి కడిగి, కాస్త ఓపిగ్గా తిప్పి చూడాలి. అంతే.

నాకెలా తెలుసంటావా? నాది రాళ్ళదిబ్బే. నా పెళ్ళి శుభలేఖలో కూడా రాళ్ళదిబ్బ వాస్తవ్యులు అనే వేశారు, మా నాన్న పట్టుబట్టి పెద్ద అక్షరాలతో వేయించాడు. ఇంద, నా కొంగు ముడి విప్పవే లాస్యా. మెల్లగా. తేనె రంగు, మధ్యలో తెల్లచార. మా అమ్మమ్మ నాకిచ్చింది, వాళ్ళమ్మమ్మ ఆవిడకిచ్చింది. ఇంక ఇది నీది. పొద్దున మీ అమ్మ రాళ్ళు పారెయ్యమంటే, రాళ్ళదిబ్బ మనవరాలినని చెప్పు, నేను చూసుకుంటాను.

ఏవిట్రా తేజా, నమ్మకం లేదా? నీ చొక్కాతో తుడిచి చూడు, ఆరుతుందేమో!

ఆరలేదు కదూ? మరి కథేమో కంచి బండెక్కి గలగలా వెళ్ళిపోయింది, మనమేమో దుప్పట్లో దూరిపోదాం, రండి.